ఆనాటి పటాలం పేరు తెలిస్తేనే దొరికే మనిషి: కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ శోధన సేవపై సమీక్ష

రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన భారతీయ సైనికుల వివరాలు వెతకాలనుకునేవారికి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్న శోధన సేవకు సాటి వచ్చేది మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే దాన్ని తెరిచి ఇంటిపేరు కొట్టగానే తాతగారు ఎదురవుతారని ఆశించేవారు చాలావరకు ఉత్త చేతులతోనే వెనుదిరుగుతారు. ఆ సేవ మనిషిని అతను చనిపోయిన రోజున ఏ పటాలంలో ఉన్నాడో ఆ పటాలం పేరు కింద దాచిపెట్టింది. ఆ పేరు తరవాతి కాలంలో ఒకసారో రెండుసార్లో, కొన్నిటికి అంతకంటే ఎక్కువ సార్లో మారింది. కాబట్టి సైనిక దళాల వంశక్రమం కొంతైనా తెలిసినవారికి ఇది నిధి, తెలియనివారికి తాళం వేసిన గది. ఈ సమీక్షను ఆ తాళం సంగతి చెప్పడానికే రాస్తున్నాను.

ముందు సంస్థ గురించి క్లుప్తంగా చెప్పాలి. ఫేబియన్ వేర్ అనే అధికారి పట్టుదల వల్ల 1917లో బ్రిటిష్ రాజు ఇచ్చిన చార్టరు ద్వారా ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది, 1960లో దాని పేరులో ‘ఇంపీరియల్’ స్థానంలో ‘కామన్వెల్త్’ చేరింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలతో పాటు భారతదేశం కూడా దీనిలో భాగస్వామి, తన వంతు ఖర్చు భరిస్తోంది. దాదాపు 17 లక్షల మంది స్మృతి దీని బాధ్యత. హోదా, కులం, మతం, జాతి భేదం లేకుండా అందరికీ ఒకే రకమైన గౌరవం అన్నది దాని మూల సూత్రం. ఆ సూత్రం భారతీయుల విషయంలో ఎంతవరకు నిలబడిందో తరవాత చెబుతాను.

వాడుకకు సంబంధించినంతవరకు సేవ సుఖంగానే ఉంటుంది. డబ్బు కట్టనక్కరలేదు. పేరు, సర్వీసు నంబరు, హోదా, రెజిమెంటు, మరణించిన తేదీ, స్మారకం ఉన్న దేశం, ఏ దేశపు సైన్యం అన్న గడుల్లో తెలిసినవి నింపి వెతకవచ్చు, వచ్చిన ఫలితాలను పట్టికగా దించుకోవచ్చు. ఒక్కొక్క నమోదులో సైనికుడి నంబరు, హోదా, రెజిమెంటు, బెటాలియన్, మరణ తేదీ, సమాధి వరుస లేదా స్మారక ఫలకం సంఖ్య ఉంటాయి. ‘అదనపు సమాచారం’ అన్న గడిలో చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా దొరుకుతాయి. చాలా నమోదులకు ఆనాటి సమాధుల రిజిస్టరు కాగితాల ప్రతులు జతచేసి ఉన్నాయి. టైపు చేసిన అక్షరాల మీద పెన్నుతో దిద్దిన దిద్దుబాట్లు కూడా కనిపించే ఆ కాగితాలను తప్పక తెరిచి చూడాలి, ఎందుకంటే పేరు ఎక్కడ పొరబాటుగా ఎక్కిందో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. సేవ ఎలా పనిచేస్తుందో పరీక్షించడానికి నేను ఎంచుకున్నది హైదరాబాదు పేరుతో మొదలై ఇవాళ కుమావూన్ పేరుతో బతుకుతున్న వంశం. తెలుగు నేలకు పేరు రీత్యా ఇంత దగ్గరగా ఉండి కూడా మనలో చాలామందికి తెలియని సైనిక చరిత్ర ఇది.

నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల చేతికింద నడిచిన దళాలు 18వ శతాబ్దం చివరినుంచే ఉండేవి. ఎల్లిచ్‌పూర్ (నేటి మహారాష్ట్రలోని అచల్‌పూర్) నవాబు సలాబత్ ఖాన్ 1788లో లేపిన పటాలం వాటిలో ఒకటి. 1813లో హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెల్ పేరుమీద రస్సెల్ బ్రిగేడు ఏర్పడింది. 1853 నాటి సంధితో వీటన్నిటికీ హైదరాబాద్ కంటింజెంట్ అన్న రూపం స్థిరపడింది, దాని ఖర్చుకింద బీరారు జిల్లాలు కంపెనీ పాలనలోకి వెళ్లాయి. బొల్లారం దాని ప్రధాన స్థావరం. 1903లో అప్పటి భారత సైన్యాధిపతి కిచెనర్ తెచ్చిన సంస్కరణల్లో కంటింజెంట్ రద్దయి భారత సైన్యంలో కలిసింది. దాని ఆరు కాల్బల పటాలాలు 94 నుంచి 99 వరకు సంఖ్యలు పొందాయి, రస్సెల్ బ్రిగేడు వారసులు 94, 95 సంఖ్యలతోనూ, సలాబత్ ఖాన్ పటాలపు వారసులు 98వ ఇన్ఫాంట్రీగానూ మారారు. 1922లో మరో పునర్వ్యవస్థీకరణ వచ్చి ఇవన్నీ 19వ హైదరాబాద్ రెజిమెంటు బెటాలియన్లయ్యాయి, 98వది దానిలో నాలుగో బెటాలియన్ అయింది. 1945లో రెజిమెంటు పేరే కుమావూన్ రెజిమెంటుగా మారింది. ఇవాళ దాని కేంద్రం హిమాలయాల్లోని రాణీఖేత్‌లో ఉంది.

ఈ క్రమం చేతిలో పెట్టుకుని శోధన గడుల ముందు కూర్చుంటే సేవ తన గుట్టు విప్పుతుంది. రెజిమెంటు గడిలో కుమావూన్ అని వెతికితే మొదటి ప్రపంచ యుద్ధానికి సంబంధించి వచ్చేవి అప్పటి కుమావూన్ రైఫిల్స్ వంటి వేరే దళాలవే తప్ప ఈ వంశానివి కావు. 1914 నవంబరులో జర్మన్ తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవు మీద జరిగిన విఫల దాడిలో పోయినవారు కావాలంటే 98వ ఇన్ఫాంట్రీ అనే వెతకాలి. ఆ పోరులో ఈ పటాలం మీద తేనెటీగలు మూకుమ్మడిగా పడి వరసలు చెదరగొట్టాయి, అందుకే టాంగాను తేనెటీగల యుద్ధమని కూడా అంటారు. మెసపొటేమియా (నేటి ఇరాక్)లోని కూట్ ముట్టడిని విడిపించడానికి 1916లో టైగ్రిస్ నది వెంట సాగిన పోరులో పోయినవారు కావాలంటే 97వ డెక్కన్ ఇన్ఫాంట్రీ అని వెతకాలి. రెండో యుద్ధానికి వచ్చేసరికి ఆ సంఖ్యలు ఉండవు, 19వ హైదరాబాద్ రెజిమెంటు, పక్కన బెటాలియన్ సంఖ్య ఉంటాయి.

ఇక్కడే వంశక్రమం ఎంత చిక్కైనదో చూపే ఉదాహరణ ఒకటుంది, దాని దగ్గర కొంచెం ఆగాలి. 4/19 హైదరాబాద్, అంటే 19వ రెజిమెంటు నాలుగో బెటాలియన్, 1942 జనవరి 7న మలయా (నేటి మలేషియా)లోని స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల దెబ్బకు తునాతునకలైంది, మిగిలినవారు సింగపూర్ పతనంతో బందీలయ్యారు. అదే కాలంలో యుద్ధావసరం కోసం కొత్తగా లేపిన 8/19 బెటాలియన్ బర్మాలోని అరకాన్‌లో పోరాడింది. తరవాత భారత సైన్యాధిపతి అయిన తిమ్మయ్య అప్పట్లో దానికి నాయకత్వం వహించారు. 1942లో సైన్యంలో అధికారిగా నియమితుడైన సోమనాథ్ శర్మ మొదట చేరింది కూడా ఈ 8వ బెటాలియన్‌లోనే. యుద్ధం తరవాత ఈ 8వదే 4 కుమావూన్ అయింది. 1947 నవంబరు 3న కశ్మీర్‌లోని బుడ్గాంలో 4 కుమావూన్ డెల్టా కంపెనీని నడిపిస్తూ ప్రాణమిచ్చి, స్వతంత్ర భారతపు మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ శర్మ వారసత్వం అందువల్ల రెండు దారుల్లో వెనక్కి వెళుతుంది. సంఖ్యను పట్టుకుని వెళితే స్లిమ్ నది, టాంగా మీదుగా 1788 నాటి ఎల్లిచ్‌పూర్ దాకా పోతాం. మనుషులను పట్టుకుని వెళితే అరకాన్ దగ్గర, యుద్ధకాలపు కొత్త బెటాలియన్ దగ్గర ఆగుతాం. రెజిమెంటు తన చరిత్రను మొదటి దారిలో చెప్పుకుంటుంది, ఆ హక్కు దానికి ఉంది. కానీ కుటుంబం తరఫున వెతికేవారికి రెండో దారే అవసరం. 4/19లో పోయి సమాధి దొరకనివారి పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీదా, 8/19లో పోయి సమాధి దొరకనివారివి రంగూన్ సమీపంలోని తౌక్యాన్ స్మారకం మీదా ఉంటాయి. ఇవాళ్టి 4 కుమావూన్ అన్న ఒక్క పేరు పట్టుకుని కూర్చున్నవారు ఈ రెండిటిలో దేనికీ చేరలేరు.

కమిషన్ సేవలో నేను గట్టిగా ఎత్తిచూపే లోపం ఇదే. మనిషిని చూపిస్తుంది, అతని పటాలం పేరు చూపిస్తుంది, ఆ పటాలం ముందు ఏమిటి, తరవాత ఏమైంది అన్నది చెప్పదు. 98వ ఇన్ఫాంట్రీ నమోదు కింద ‘1922 నుంచి 4/19 హైదరాబాద్’ అన్న చిన్న మాట ఉంటే చాలు, వేలమందికి దారి దొరుకుతుంది. 1903, 1922, 1945 సంవత్సరాల్లో ఏ పటాలం ఏ పేరు తీసుకుందో చూపే పట్టిక పెద్ద కష్టమైన పనేమీ కాదు, ఆ మార్పులన్నీ ఎప్పుడో ప్రచురితమైన విషయాలే. ప్రతి నమోదునూ దాని కాలపు పేరుతోనే ఉంచిన నిర్ణయం మాత్రం సరైనదని నమ్ముతున్నాను. చనిపోయినవాడు తన భుజం మీద ఏ పేరు ధరించాడో ఆ పేరు కిందే అతన్ని గుర్తుంచుకోవడం న్యాయం. ఆ పేరును మార్చమని ఎవరూ అడగడం లేదు, దాని పక్కన దారి చూపే పలక ఒకటి పెట్టమన్నదే నా విన్నపం.

హైదరాబాద్ అన్న పేరుతో వెతికేవారు జాగ్రత్త పడవలసిన విషయాలు మరికొన్ని ఉన్నాయి. 19వ హైదరాబాద్ రెజిమెంటు భారత సైన్యానిది. హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు నిజాం సొంత రాజ్యదళం, మొదటి యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడులో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి పనిచేసింది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్న దాడి మాత్రం జోధ్‌పూర్, మైసూరు దళాలది. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం మూడు రాజ్యాల సైనికులనూ కలిపి స్మరిస్తుంది కాబట్టి హైఫా దాడిని హైదరాబాదుకు కూడా ఆపాదించడం మనవైపు తరచుగా వినిపిస్తుంది, అది సరికాదు. ఇక డెక్కన్ హార్స్ మూడోది. కంటింజెంట్ రిసాలాల నుంచి వచ్చిన ఈ అశ్వికదళం తన పుట్టుకను 1790గా లెక్కిస్తుంది. 20వ డెక్కన్ హార్స్‌గా 1916 జులై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర ఈటెలతో గుర్రాల మీద దాడి చేసింది. 1921లో 29వ లాన్సర్లతో కలిసిపోయి, తరవాత ట్యాంకుల దళమై నేటికీ అదే పేరుతో ఉంది. ఫ్రాన్సులో పోయి సమాధి దొరకని భారతీయుల పేర్లు, 4,700కు పైగా, హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేసిన నవ్ షపెల్ స్మారకం మీద ఉన్నాయి, సేవలో ఆ స్మారకం పేరుతో వెతికితే వరుసగా వస్తాయి.

మరో నిజం కూడా సూటిగా చెప్పుకోవాలి. పేరు హైదరాబాదే అయినా ఆ రెజిమెంటులో తెలుగువారు ఎక్కువమంది ఉండేవారని అనుకోకూడదు. కంటింజెంట్ కాలంనుంచీ ఉత్తరాది వారికీ దక్కనీ ముస్లింలకూ అందులో పెద్ద స్థానం ఉండేది, ప్రపంచ యుద్ధాల మధ్య కాలానికి కుమావూనీలు, అహీర్లు, జాట్లు దాని బలం. అందుకే పేరు కుమావూన్‌గా మారడం సహజంగా జరిగింది. తెలుగు సైనికుల కోసం వెతికేవారు చూడవలసిన వంశం మద్రాసు సైన్యానిది.

ఆ వైపు సంఖ్యల చిక్కుముడి విప్పడానికి తేలికైన సూత్రం ఒకటుంది. 1903లో మద్రాసు పటాలాల పాత సంఖ్యలకు 60 కలిపారు, అంటే 15వ మద్రాసు 75వ కర్నాటిక్ అయింది, 23వది 83వ వల్లాజాబాద్ అయింది. 1914–18 నమోదుల్లో కనిపించే సంఖ్యలోంచి 60 తీసేస్తే దాని పాత చరిత్ర దొరుకుతుంది. ఆ తరవాతే కథ తెగుతుంది. 1922లో ఈ పటాలాల్లో కొన్నిటితో 3వ మద్రాస్ రెజిమెంటు ఏర్పడింది, మద్రాసీలు యుద్ధానికి పనికిరారన్న ఆనాటి దురభిప్రాయం వల్లా పొదుపు పేరుతోనూ 1928 నాటికి దాని శాశ్వత బెటాలియన్లన్నీ రద్దయ్యాయి. 1941లో యుద్ధం ముంచుకొచ్చాక రెజిమెంటును తిరిగి లేపారు. ఇవాళ తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో కేంద్రమున్న మద్రాస్ రెజిమెంటు తన పుట్టుకను 1758గా చెప్పుకుంటుంది. మధ్యలో పదమూడేళ్ల ఖాళీ ఉన్నప్పుడు అది అదే రెజిమెంటు అవుతుందా అని అడిగేవారున్నారు. సైన్యంలో వారసత్వం జెండాతో, గౌరవ చిహ్నాలతో, చేర్చుకునే ప్రాంతంతో నడుస్తుంది కాబట్టి అవుతుందనే నా సమాధానం. పైగా దాన్ని రద్దు చేసింది అందులోని సైనికులు కాదు, వారిని చిన్నచూపు చూసిన విధానం. ఆ విధానపు ఖాళీని వారి వంశానికి మచ్చగా లెక్కించడం తప్పు.

రెండో యుద్ధంలో తెలుగు జిల్లాలవారు మద్రాస్ రెజిమెంటులోనే కాక బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్లలో (సైనిక ఇంజనీర్ల దళం), పయొనీర్ దళంలో (శ్రామిక దళం), రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో, వైద్య దళంలో కూడా చేరారు. ఈ దళాల పేర్ల కింద వెతికేటప్పుడు ఊరి పేరును ఇప్పటి వర్ణక్రమంతో రాస్తే పని జరగదు. విశాఖపట్నం విజగపటంగా, కాకినాడ కొకనాడగా, ఏలూరు ఎల్లోర్‌గా, మచిలీపట్నం మసూలిపటంగా రాసిన కాలమది, విజయవాడ అప్పటికి బెజవాడే. మనుషుల పేర్ల సంగతి ఇంకా కష్టం. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు సైన్యం గుమాస్తాకు అర్థం కాలేదు. కొందరికి ఒక్క పేరే ఎక్కింది, కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలింది, అప్పలస్వామి వంటి పేరుకు ఇంగ్లిషులో ఎన్ని రూపాలు సాధ్యమో అన్నీ సాధ్యమే. కాబట్టి పేరు గడిని ఖాళీగా వదిలి, ‘అదనపు సమాచారం’లో జిల్లా పేరు పెట్టి, యుద్ధం, దళం మాత్రమే ఎంచుకుని వచ్చిన జాబితాను ఓపికగా చదవడమే మేలైన పద్ధతి. సర్వీసు నంబరు తెలిస్తే మాత్రం పని చాలా తేలిక, దళం పేరుతో కలిపి వెతికితే అది సూటిగా మనిషి దగ్గరికి తీసుకెళుతుంది. ఇంట్లో పాత పతకం ఉంటే దాని అంచు మీద చెక్కిన అక్షరాలను భూతద్దంతో చూడండి, చాలాసార్లు నంబరు, పేరు, దళం అక్కడే ఉంటాయి.

సమాన గౌరవమన్న సూత్రం గురించి ముందే ప్రస్తావించాను. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద 40,000 మందికి పైగా సైనికుల స్మృతి ఉంది. భారతీయుల విషయంలో అధికారుల పేర్లు మాత్రమే ఆ గోడల మీద చెక్కారు, సిపాయీలను పటాలం పేరు కింద ఇంతమంది అన్న లెక్కగా మిగిల్చారు. 97వ డెక్కన్ వంటి పటాలాలు టైగ్రిస్ ఒడ్డున పోగొట్టుకున్నవారు ఈ అన్యాయపు పరిధిలోకే వస్తారు. కమిషన్ స్వయంగా నియమించిన ప్రత్యేక కమిటీ 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ఈ విషయాన్ని దాచలేదు. మొదటి యుద్ధంలో పోయిన భారతీయ, ఆఫ్రికన్, ఈజిప్షియన్ తదితరుల్లో 45,000 నుంచి 54,000 మందికి అసమానంగా స్మారకం కల్పించారని, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 దాకా మందికి పేరుతో స్మారకం దక్కలేదనీ కొందరికి అసలే దక్కలేదనీ అది అంగీకరించింది. కమిషన్ క్షమాపణ చెప్పింది. గోడ మీద లేని బస్రా సిపాయీల పేర్లు శోధన సేవలో చాలావరకు కనిపిస్తాయి. రాతి మీద జరిగిన అన్యాయాన్ని ఈ సేవ పూర్తిగా సరిదిద్దలేదు గానీ, మునిమనవడు తన ముత్తాత పేరును అక్షరాలా చదవగలిగే చోటు ఇప్పటికి ఇదే. నేను దీన్ని అందరికీ సిఫారసు చేయడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

పరిధి విషయంలో స్పష్టత ఉండాలి. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలే దీనిలోకి వస్తాయి. యుద్ధం నుంచి బతికి తిరిగి వచ్చి ఈ తేదీల తరవాత ఇంట్లో కాలం చేసినవారు ఇందులో ఉండరు, వారికోసం ఈ సేవలో గంటలు గడపడం వృథా. స్వాతంత్ర్యం తరవాత అమరులైనవారి పేర్లకు 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం చూడాలి. పటాలం ఆ రోజు ఏం చేసిందో తెలియాలంటే బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో డబ్ల్యూవో 95 వరుసలో ఉన్న మొదటి యుద్ధపు దినచర్య పుస్తకాలను ఆశ్రయించాలి, అక్కడ కూడా వెతకవలసింది ఆనాటి పటాలం పేరుతోనే. మొదటి యుద్ధానికి సంబంధించి పంజాబు జిల్లాలవారి రిజిస్టర్లు, సుమారు 3,20,000 మంది వివరాలతో, 2021 నుంచి ప్రజలకు అందుబాటులోకి వస్తున్నాయి, అందులో ఊరివారీగా వెతికే సౌకర్యం ఉంది. ఉత్తర సర్కారులకు, రాయలసీమకు, తెలంగాణకు అటువంటిది తయారు చేయడం మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు తలపెట్టదగిన పని.

నమోదులో తప్పు కనిపించినా, ఉండవలసిన పేరు లేకపోయినా కమిషన్‌కు రాయవచ్చు, ఆధారం ఉంటే వారు పరిశీలిస్తారు. రాసేటప్పుడు ఇంట్లో చెప్పుకునే కథను కాక ఆ కాలపు కాగితాన్ని ముందు పెట్టాలి: మరణ వార్త తెలిపిన ఉత్తరం, కుటుంబ పింఛను పత్రం, సర్వీసు పుస్తకం వంటివి. ఆ కాగితం మీద 98వ ఇన్ఫాంట్రీ అని ఉంటే దరఖాస్తులో కూడా 98వ ఇన్ఫాంట్రీ అనే రాయండి, ఇవాళ్టి కుమావూన్ పేరును వివరణగా దాని పక్కన వేరే వాక్యంలో చేర్చండి, నంబరును కాగితం మీద ఉన్న అక్షరాలూ గీతలూ విడిచిపెట్టకుండా ఉన్నదున్నట్టుగా ఎక్కించండి.